ఇంటి పద్దు: అంగడిలో నిలిపిన లాభము

వర్తకము పురుషుల పనియనియు, వంటయిల్లు స్త్రీల పనియనియు లోకమున ఒక మాట కలదు. ఆ మాట సగమే నిజము. మా కడప మండలములో ఏ అంగడివారి యింటికి పోయి చూచినను ఈ సంగతి తెలియగలదు. రాత్రి గల్లాపెట్టె లెక్క తేలిన పిమ్మట, ఆ సొమ్ములో ఎంత యింటికి రావలెను, ఎంత అంగడిలోనే యుండవలెను అను ప్రశ్నకు ఉత్తరము వంటయింటిలోనే నిర్ణయమగుచున్నది. బియ్యమునకు, పాలకు, పిల్లల బడి రుసుములకు, పండుగ చీరలకు, ఆడుబిడ్డ సారెకు తీసిన ప్రతి రూపాయియు అంగడినుండి తీసినదే. తీయక విడిచిన ప్రతి రూపాయియు అంగడికి పెట్టుబడియే. కావున వర్తకశాస్త్రమున నిలువ లాభమని చెప్పబడు విషయము గృహిణులకు తెలిసియుండవలెనని తలచి, ఈ నెల దానిని గూర్చి వ్రాయుచున్నాము. మాది బడిపంతులుగారి యిల్లు. నెలజీతమే గాని అంగడి లేదు. ఐనను ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపున మాకు పరిచయమైన సోదరీమణులలో పలువురు వర్తకుల, నేతగాండ్ర, రైతుల యిండ్లవారే. వారి నోట తఱచు వినబడు ప్రశ్నలే ఈ వ్యాసమునకు ఆధారము.

నిలువ లాభమనగా నేమి?

వ్యాపారమునకు కావలసిన ధనము రెండు దారుల వచ్చును. ఒకటి వెలుపలి దారి. బ్యాంకి అప్పు, వడ్డీవ్యాపారి అప్పు, చీటీపాట, బంధువుల చేబదులు, టోకు వర్తకుడు అరువిచ్చిన సరకు, ఇవి యన్నియు ఆ కోవలోనివి. రెండవది లోపలి దారి. వ్యాపారము తాను సంపాదించిన లాభములో ఇంటివారు వాడుకొనక అందే విడిచిన భాగమిది. పెద్ద కంపెనీలలో వాటాదారులకు డివిడెండు పంచిపెట్టగా మిగిలి, రిజర్వు నిధి మొదలగు పేర్లతో నిలిచిన సొమ్ము ఇట్టిదే. చిన్న అంగడిలో దానికి పేరు లేదు. “ఈ యేడు కొంచెము వెనుకవేసినాము” అని మాత్రమందురు. పేరు లేనిది పద్దుకు ఎక్కదు. పద్దుకు ఎక్కనిది నిలువదు.

అయితే మొదట ఏది లాభమో తెలియవలెను. ఇందు మూడు పొరపాట్లు సాధారణముగ జరుగుచుండును. అమ్మకమును లాభమనుకొనుట మొదటిది. పండుగనాడు పెట్టె నిండిన మాట నిజమే. కాని అందు పెద్దభాగము సరకు పంపిన వర్తకునిది. పనిముట్ల అరుగుదలను మఱచుట రెండవది. 24,000 రూపాయల కుట్టుమిషను ఎనిమిదేండ్లు పనిచేయునని అనుకొన్నచో, ఏటికి 3,000 రూపాయల మేర అది అరిగినట్లు. ఆ 3,000 ప్రక్కకు తీసిన పిమ్మట మిగిలినదే లాభము. తీయనివారు మిషనును కొంచెము కొంచెముగ వండుకొని తినుచున్నారన్నమాట. లాభమంతయు రొక్కమే యనుకొనుట మూడవది. అరువు పుస్తకములోను, అమ్ముడుపోని చీరల మడతలలోను గూడ లాభము దాగియుండును. పద్దులో కనబడి పెట్టెలో కనబడని అట్టి లాభమును నమ్మి పెండ్లి ముహూర్తము పెట్టుకొన్నవారు తుదకు అప్పులవాని గుమ్మము త్రొక్కవలసివచ్చును.

ఇక ఒక ఉదాహరణము. ప్రొద్దుటూరిలో ఒక చీరల అంగడి యున్నదనుకొందము. బాడుగ, కరెంటు, పనివాండ్ర జీతములు, అరుగుదల, పన్ను అన్నియు పోను సంవత్సరమునకు 4,80,000 రూపాయలు మిగిలినవి. ఇంటికి నెలకు 30,000 చొప్పున 3,60,000 వాడుక యైనది. మిగిలిన 1,20,000 అంగడిలో నిలిచినది. ప్రొద్దుటూరి దసరా మా సీమలో పేరుపడినది. అమ్మవారిశాలలో కన్యకాపరమేశ్వరీదేవికి జరుగు ఉత్సవములు చూడ నలుదిక్కులనుండి జనము వత్తురు. ఆ పండుగకు ముందే సరకు దింపుకొనవలెను. చేతిలో నిలువ లేనివాడు ఆ 1,20,000 నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చెనేని, నెలకు 2,400, ఏడాదికి 28,800 రూపాయలు వడ్డీ క్రింద పోవును. అమ్మకము మందగించిన నెలలోను వడ్డీ మందగింపదు. నిలువ లాభము గలవాడు రొక్కమిచ్చి సరకు కొనును. రొక్కమునకు టోకు వర్తకుడు ధర తగ్గించును. పండుగ తఱుగుపడినను వాకిట నిలిచి అడుగువాడు లేడు.

కౌటిల్యుడు రాజ్యమునకు ఏడంగములు చెప్పినాడు. స్వామి, అమాత్యుడు, జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రము అని వాని వరుస. అందు తన కోశము ముందు వచ్చినది. పరుల సాయమగు మిత్రము కడపట వచ్చినది. అంగడికిని ఈ వరుస చెల్లును. అప్పు పనికిరానిదని మా మతము కాదు. పెద్ద యంత్రము, కొత్త కట్టడము మొదలగువానికి నిలువ లాభమొక్కటియే చాలదు. దానికై కాచుకొన్నచో మంచి అదను దాటిపోవచ్చును. ఐనను, తన సొమ్ము కొంత చూపగలవానికే బ్యాంకివారును సులభముగ అప్పిత్తురు.

ఊరక వచ్చిన సొమ్మా?

నిలువ లాభమునకు వడ్డీ లేదు గనుక అది ఊరక వచ్చినదని పలువురి భావము. ఇది సరికాదు. ఆ 1,20,000 నూటికి ఏడు చొప్పున బ్యాంకిలో వేసినయెడల ఏటికి 8,400 వచ్చియుండును. అంగడిలో నిలిపి అంతకంటె తక్కువ సంపాదించినచో, వడ్డీ చెల్లింపకయే నష్టపడినట్లు. పైగా అంగడి పాడైన సొమ్మును పాడుచేయును. బ్యాంకికి ఆ భయము తక్కువ.

ఇచట బంగారము మాట రాక తప్పదు. ప్రొద్దుటూరిని రెండవ బొంబాయి యని లోకులు పిలుచుట అచటి బంగారు వ్యాపారమును బట్టియే. మిగిలిన లాభమును అంగడిలో ఉంచుటకంటె నగ చేయించుట మేలని సోదరీమణులు పలువురు వాదింతురు. వారి వాదములో బలము లేకపోలేదు. నగ స్త్రీధనము, ఆపదలో కుదువకు పనికివచ్చును, అంగడి మూతపడినను మెడలో నిలుచును. కాని నగ చేయించునపుడు తరుగు, మజూరి ఇచ్చుకొందుము. అమ్మునపుడు అవి తిరిగి రావు. బంగారపు ధర పెరిగిన యేండ్లును కలవు, ఏండ్లతరబడి కదలని కాలములును కలవు. అంగడిలో చక్కగ తిరిగిన రూపాయి ఏడాదిలో మూడు నాలుగు మార్లు సరకై, మరల రొక్కమగును. కావున బంగారమా, అంగడియా అని పోటీ పెట్టుట కంటె, అంగడికి ఇంత, ఆపదకు ఇంత అని పాలు నిర్ణయించుకొనుట వివేకము.

ఎండపొలములో నిలువ

పులివెందుల ప్రాంతము వానకు మొగము వాచిన సీమ. వేరుసెనగయు, చీనీ తోటలును, బోరునీటిపై అరటి తోటలును అచటి సంపద. రైతునకు నిలువ లాభమెంత ముఖ్యమో అచట చూడవలెను. గెలలు కోతకు వచ్చు వేళ గాలివాన వీచెనేని ఒక్క రాత్రిలో తోట నేలవ్రాలును. బోరు ఎండిన, మరియొకటి వేయుటకు రొక్కము కావలెను. ఆ రొక్కమునకై మండీవర్తకుని దగ్గఱకు పోయినవానికి వడ్డీతోనే తీరదు. పంట అతనికే వేయవలెను, అతడు చెప్పిన ధరకే వేయవలెను. మంచి యేటి లాభములో ఒక పాలు తీసి, తరువాతి పిలకలకును, ఎరువునకును, బోరు మరమ్మతునకును ఉంచినవాడు తన పంటను తనకు నచ్చినచోట అమ్ముకొనగలడు. నిలువ లాభము రైతునకిచ్చు మొదటి ఫలము స్వేచ్ఛ. మిగులు వడ్డీ అటుపిమ్మటిది.

ఈ స్వేచ్ఛకు తెలుగువారిలో గొప్ప నిదర్శనము కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. కృష్ణామండలములోని యెలకుర్రులో 1867లో జన్మించిన వీరు 1893లో బొంబాయిలో అమృతాంజనము వ్యాపారము ప్రారంభించిరి. ఆ తలనొప్పి మందు దేశమంతట వాడుకలోనికి వచ్చి ధనము నార్జించినది. ఆ ధనమే పత్రికలకు ఊపిరి యైనది. 1908లో బొంబాయినుండి ఆంధ్రపత్రిక వారపత్రికగ వెలువడినది. 1914లో మదరాసున దినపత్రిక యైనది. 1924లో భారతి మాసపత్రిక పుట్టినది. 1936లో అమృతాంజనము లిమిటెడ్ కంపెనీగ మారినది. ఒక వర్తకపు లాభము భోగములకు వ్యయపడక వేఱొక కార్యమునకు మూలధనమైనచో ఏమి జరుగునో ఇందువలన తెలియుచున్నది. పాలకులకు వెఱవక వ్రాయదలచిన పత్రికకు ఋణదాతల పొత్తుకంటె సొంత లాభపు అండయే మేలు గదా!

మగ్గము ప్రక్కనున్న రాట్నము

ఇంతవరకు నిలువ లాభపు మేలు చెప్పితిమి. ఇక నెవ్వరును చెప్పని మాట యొకటి చెప్పవలెను. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పరిసరములలో నేత కుటుంబములు చాల కలవు. షావుకారు నూలు, జరీ ఇచ్చి, నేసిన చీరకు మజూరి యిచ్చుట ఒక పద్ధతి. సొంత నూలు కొని, నేసి, తానే అమ్ముకొనుట వేఱొక పద్ధతి. మొదటిదానినుండి రెండవదానికి పోవుటకు పెట్టుబడి కావలెను. మజూరిలో మిగిల్చి మిగిల్చి ఒక పడుగుకు సరిపడు నూలు సొంతముగ కొన్ననాడు ఆ యింట పండుగయే.

అట్టి యింటి లెక్క యొకటి ఊహింతము. ఖర్చులు పోను సంవత్సరమునకు 36,000 రూపాయలు వెనుకవేసితినని మగ్గముపై కూర్చున్నాయన సంతోషించుచున్నాడు. ఆ పద్దులో నూలు ఖర్చు కలదు, రంగు ఖర్చు కలదు, అచ్చు అతికినవాని కూలి కలదు. రాట్నము ముందు కూర్చుండి కండెలు చుట్టి, పడుగు సరిచేసిన ఇల్లాలి కూలి మాత్రము లేదు. పరాయివారిచేత ఆ పని చేయించినయెడల దినమునకు 100 రూపాయలు ఈయవలసి వచ్చుననుకొన్నను, నెలకు 25 దినముల లెక్కన 2,500, ఏటికి 30,000 అగును. అనగా వెనుకవేసిన 36,000లో నిజమైన లాభము 6,000 మాత్రమే. తక్కిన 30,000 చెల్లింపని కూలి. ఆమె తన కూలిని, తనకు తెలియకయే, వ్యాపారములో పెట్టుబడి పెట్టినది.

ఇది నేతవారి యింటికి మాత్రమే చెల్లు మాట కాదు. చీరల అంగడిలో భర్త భోజనమునకు పోయిన రెండు గంటలు గల్లాపై కూర్చున్న భార్యకును, వేరుసెనగ కాయ ఒలిచి విత్తనము సిద్ధపఱచిన రైతు ఇల్లాలికిని, పండుగ చీర మానుకొన్న కోడలికిని ఇది చెల్లును. నిలువ లాభమనునది తీసికొనక విడిచిన సొమ్మని ముందే చెప్పితిమి. విడిచినవారెవరు? ఆ ప్రశ్న వేసికొన్ననాడు, ఆ నిధిలో వాటా ఎవరిదో దానంతట అదియే తేలును.

పంచవలెనా, నిలుపవలెనా?

ఈ తగవు పెద్ద కంపెనీలలోను కలదు. అమెరికా దేశమున హెన్రీ ఫోర్డు 1903లో మోటారు కంపెనీ స్థాపించినపుడు డాడ్జి సోదరులిరువురు అందు పదవ వంతు వాటా తీసికొనిరి. కంపెనీ విశేషముగ లాభించినది. 1916 నాటికి 20 లక్షల డాలర్ల మూలధనముపై సుమారు 11 కోట్ల 20 లక్షల డాలర్ల లాభము పేరుకొన్నది. ఇక ప్రత్యేక డివిడెండులు పంచననియు, లాభమును కొత్త కర్మాగారములకే వినియోగింతుననియు ఫోర్డు ప్రకటించెను. డాడ్జి సోదరులు న్యాయస్థానమున కెక్కిరి. 1919లో మిచిగాను రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము రెండు మాటలు చెప్పినది. వ్యాపారమును విస్తరించుటకు లాభము నిలుపుట యాజమాన్యపు అధికారములోనిదే, దానిని అడ్డము. అంతకు మించి పేరుకొన్నదానిలో వాటాదారులకు సుమారు 1 కోటి 93 లక్షల డాలర్లు పంచవలెను. నిలుపు అధికారము యజమానికి కలదనియు, వాటా గలవారికి అడుగు హక్కు కలదనియు ఈ తీర్పువలన గ్రహింపవలెను. డాడ్జి సోదరుల చేతిలో వాటాపత్రము లున్నవి గనుక అడిగిరి. రాట్నము ముందు కూర్చున్న ఇల్లాలి చేతిలో నేమున్నది?

మన దేశమున చట్టములు గూడ కొన్నిచోట్ల లాభము నిలుపుటను విధిగ చేసినవి. 1912 నాటి సహకార సంఘముల చట్టము నికర లాభములో నాలుగవ వంతైనను రిజర్వు నిధికి చేర్చిన పిమ్మటనే సభ్యులకు పంచుకొననిచ్చినది. 1949 నాటి బ్యాంకింగు చట్టము బ్యాంకులు ఏటి లాభములో నూటికి ఇరువదికి తక్కువ గాకుండ రిజర్వునకు చేర్చవలెనని శాసించినది. ఈ రెంటను మెచ్చదగిన దేమనగా, నిలుపవలసినది ఎంతయో ముందే నిర్ణయింపబడినది, నిలిపినది పద్దులో వ్రాయబడుచున్నది, పద్దు పరీక్షింపబడుచున్నది. ఒక్కరి మనసులో దాగిన నిలువ కాదది.

ఇంతకంటె దగ్గఱి ఉదాహరణము మన పొదుపు సంఘములలో కలదు. 1992లో నాబార్డు ఇట్టి సంఘములను బ్యాంకులతో కలుపు పని ప్రారంభించినది. మన రాష్ట్రమున పల్లె పల్లెకు ఇవి వ్యాపించినవి. పదిమంది స్త్రీలు నెలనెల పొదుపు వేసి, ఆ సొమ్మును తమలోనే అప్పులుగ తిప్పుకొందురు. ఆ అప్పులపై వచ్చిన వడ్డీ వెంటనే ఎవ్వరును పంచుకొనరు. సంఘపు మూలనిధిలో కలియును. ఏడాదికేడాది ఆ నిధి పెరిగి, మఱింత పెద్ద అప్పు ఈయగలుగును. ఇదియే నిలువ లాభము. అక్షరము రాని సభ్యురాలును తన పొదుపెంతయో, సంఘపు నిధి యెంతయో నోటిలెక్కగ చెప్పగలదు. ఏలయన ప్రతి సమావేశమున పుస్తకము చదివి వినిపింతురు. సంఘములో ఇంత చక్కగ లెక్క అడుగు సోదరి, ఇంటికి వచ్చి తన అంగడి లెక్క అడుగుటకు సంకోచించుట వింతగదా!

చేయదగిన పనులు

మొదట ఇంటి సొమ్మును, అంగడి సొమ్మును వేఱుచేయవలెను. ఇప్పుడు చేతి ఫోనులోనే కూరగాయలకును, సరకునకును ఒకే ఖాతానుండి చెల్లించుచున్నారు గనుక రెండును కలిసిపోవుట మునుపటికంటె సులభమైనది. బ్యాంకిలో రెండు ఖాతాలుండుట మేలు.

పిదప ఇంటికి నెలకింత అని జీతమువలె నిర్ణయించి, ఆ మేరకే అంగడినుండి తీయవలెను. అది ఇంటి నిజావసరములకు చాలవలెను. పిల్లల పాలు తగ్గించి, ఆడపిల్ల చదువు మాన్పించి నిలిపినది లాభము కాదు. రేపటినుండి తెచ్చిన అప్పు. అంగడిలో పనిచేయు ఇంటివారి కూలిని, చేతికి ఈయకపోయినను, పద్దులో వారి పేర వ్రాయవలెను. అట్లు వ్రాసిన పిమ్మటగూడ మిగిలినదే లాభము. ఏమియు మిగులకపోయినయెడల ఆ వ్యాపారము ఇల్లాలి కూలిపై నడచుచున్నదని తెలియును; అది తెలియుటయే గొప్ప లాభము.

ఆ మిగిలినదానిలో సహకార చట్టము చూపిన నాలుగవ వంతు మొదటి మెట్టుగ పెట్టుకొనవచ్చును. నిలిపినది దేనికొఱకో ఒక వాక్యమున వ్రాయవలెను: దసరా సరకునకు, రెండవ మగ్గమునకు, బోరు మరమ్మతునకు అని. పేరు పెట్టని నిలువకు ప్రతి పెండ్లిపిలుపును ఒక చిల్లు పొడుచును. ఏటి చివర ఆ నిలువ సంపాదించినది బ్యాంకి వడ్డీకంటె హెచ్చో తక్కువో చూడవలెను. వరుసగ రెండు మూడేండ్లు తక్కువైనయెడల, అంగడిపై మమకారముచేత ఇంకను పోయుచుండుట చిల్లికుండలో నీరు పోయుటయే.

కడపటి మాట. సంవత్సరపు లెక్కలు మార్చి 31తో ముగియును. ఉగాదియు ఇంచుమించు ఆ దినములలోనే వచ్చును. ఆనాడు పంచాంగ శ్రవణములో మన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని చెవులొగ్గి విందుము. గ్రహములు చెప్పిన ఆదాయవ్యయములను వినుటకు అంత శ్రద్ధ చూపు మనము, మన చేతులతో సంపాదించినవానిని వినుటకు సిగ్గుపడ నేల? పచ్చడి తిన్న పిమ్మట ఇంటివారందఱు కూర్చుండగా అంగడి పుస్తకము తీసి, వచ్చినదెంత, ఇంటికి తీసినదెంత, నిలిపినదెంత, అందు ఎవరి కూలి యెంత అని పెద్దగ చదివింపుడు. అత్తగారు విననీ, కోడలు విననీ, చదువుకొనుచున్న పిల్లలును విననీ. చదివి వినిపించుటకు ఇంటి యజమానికి అభ్యంతరముండునని మేము తలంపము; ఉండెనేని, అడుగవలసిన అవసరము అంతకంత హెచ్చినట్లే.